గినీ పందులకు రాజోపచారం

చంద్రవంక రాజ్యాన్ని ఏలే సోమభూపాలుడికి ఒక ఓడ వర్తకుడు ఆరు గినీ పందుల్ని కానుకగా ఇచ్చాడు. పేరుకే పందులు. తోక లేని కుందేలు పిల్లల్లా, ఒళ్లంతా ఒత్తుగా బొచ్చుతో బుజ్జిగా ఉంటాయి. "ఇవి చల్లటి కొండల మీద పుట్టిన జీవాలు, జాగ్రత్త" అని ఒక్క ముక్క చెప్పి వర్తకుడు ఓడెక్కాడు.

రాజుగారు మురిసిపోయి నిండు సభలో అడిగారు: "వీటిని సుఖంగా ఉంచడం ఎవరికి తెలుసు?"

తెలియదని ఒప్పుకునే అలవాటు ఆస్థాన పండితుడు భైరవభట్టుకు చిన్నప్పటి నుంచీ లేదు.

"చలి కొండల మీద పుట్టినవి కనుక చలితో విసిగిపోయి ఉంటాయి ప్రభూ. వీటికి వెచ్చదనం కావాలి."

అప్పుడు రోహిణి కార్తె. కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చునే ఎండలు. అయినా సభలో ఉన్నవాళ్లంతా చెమట తుడుచుకుంటూనే "ఆహా, నిజమే" అన్నారు.

మేడ మీద పడమటి గది సిద్ధమైంది. నేలంతా ఉన్ని తివాచీలు పరిచారు, మూలన కుంపటి పెట్టారు, కిటికీలన్నీ బిగించారు. భట్టు రోజూ వచ్చి గడప అవతలే నిలబడి, తన మనిషి విసనకర్రతో విసురుతుంటే, "బాగుంది, బాగుంది" అని వెళ్లేవాడు.

ఆ గదిలో పని పోలమ్మది. పద్దెనిమిదేళ్లుగా రాజోద్యానంలో జింకలకు గడ్డి వేసిన మనిషి. అక్షరం ముక్క రాదు గానీ, ఏ జీవం ఎందుకు మేత మానిందో చూసి చెప్పగలదు.

"అయ్యగారూ, అవి నేలకు కరుచుకుని పడుకుని డొక్కలెగరేస్తున్నాయి. వేడికి ఆగలేకపోతున్నాయి" అని చెప్పి చూసింది.

"శాస్త్రం నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాడు భట్టు.

"శాస్త్రం మీకే తెలుసయ్యగారూ. వేడి మాత్రం వాటికి తెలుసు."

భట్టు అటు వెళ్లగానే ఆమె ఒక కిటికీ తీసి, తడిపిన పెంకులు వాటి పక్కన పెట్టేది. అది తెలిసి అతను కిటికీలకు తాళాలు వేయించాడు. మూడో రోజుకి ఒకటి చచ్చిపోయింది.

"గడ్డి మంచిది కాదు ప్రభూ" అన్నాడు భట్టు. తన తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దడానికి చదువు అక్కర్లేదు. చదువుంటే మాత్రం ఆ పని నీటుగా జరుగుతుంది.

రాజుగారు మేడ మీదికే వచ్చారు. "పోలమ్మా, ఇంకొక్కటి పోయిందా, నువ్వు కోట విడిచి పోవాల్సిందే!"

పోలమ్మకు జింకల దొడ్డి వెనక గుడిసె తప్ప వేరే దిక్కు లేదు. మిగిలిన అయిదూ నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. పొద్దు వాలేలోగా రెండోది పోవడం ఖాయమని ఆమెకు తెలుసు. చేతులు జోడించింది.

"తప్పు నాదే మారాజా. ఒక్క మనవి. ఇంత గొప్ప గది అమర్చిన అయ్యగారికి ఇంతవరకూ సన్మానం జరగలేదు. ఇప్పుడే, ఈ గదిలోనే జరిపించండి."

సన్మానాలంటే రాజుగారికి సరదా. భట్టుకు అంతకంటే సరదా. గదిలో అన్నీ భట్టు చెప్పినట్టే ఉంచారు. రాజుగారు గాలి తగిలే గుమ్మం దగ్గర ఆసనం వేయించుకుని, మందపాటి ఉన్ని శాలువా స్వహస్తాలతో భట్టుకు కప్పి, కుంపటి పక్కన కూర్చోబెట్టారు. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజు కప్పిన శాలువాను రాజు లేచేదాకా తీయకూడదు. తీస్తే సింహాసనాన్ని అవమానించినట్టే.

వందిమాగధుడు భట్టు బిరుదులు చదవడం మొదలుపెట్టాడు. మొత్తం అరవై నాలుగు. ఎవరో ఇచ్చినవి తక్కువ, తానే తగిలించుకున్నవి ఎక్కువ.

పదో బిరుదుకు భట్టు నుదుట బొట్టు కరిగింది. ఇరవయ్యో దానికి ముక్కు మీదుగా గడ్డంలోకి కారింది.

"ప్రభూ, చివరి బిరుదులు వదిలేసినా ఫరవాలేదు" అన్నాడు సన్నగా.

"అంత వినయమా! చదవవయ్యా, నిదానంగా చదువు" అన్నారు రాజుగారు.

ముప్ఫయ్యో బిరుదుకు భట్టు నోరు తెరిచి రొప్పసాగాడు. "ఒక్క... ఒక్క కిటికీ తీస్తే..."

"అయ్యో, చలిగాలి కొడుతుందయ్యగారూ!" అంది పోలమ్మ, కుంపట్లో ఇంకో బొగ్గు వేస్తూ.

"చలేమిటే, చచ్చిపోతుంటే! ఆ కుంపటి అవతల పారెయ్! తాళాలు తీయండి! తివాచీలు ఎత్తి నీళ్లు చల్లండి! వట్టివేళ్ల తడికలు కట్టి తడపండి!"

పోలమ్మ రాజుగారి వైపు తిరిగింది. "విన్నారు గదా మారాజా! మూడు రోజులుగా నేను మొత్తుకుంటున్నది ఇదే. ఇప్పుడు పండితులవారి నోటే వచ్చింది."

"ఆయనకు ఉక్కపోస్తే గినీ పందులకేమిటి?" అన్నారు రాజుగారు.

"మారాజా, అయ్యగారి శాలువా మీరు లేవగానే తీసేయొచ్చు. వీటికి దేవుడు కప్పిన శాలువా బతికున్నంతకాలం తీయడానికి లేదు."

రాజుగారు ఒక్క క్షణం భట్టునీ, బొచ్చులో మునిగి రొప్పుతున్న గినీ పందుల్నీ మార్చి మార్చి చూశారు. భట్టుతో కలిపి ఆరింటికీ ఒకటే వాలకం. పగలబడి నవ్వారు. ఆయన లేచాక, శాలువా తీసేసి భట్టు కిటికీ వైపు పరుగెత్తిన తీరు చూసి వందిమాగధుడు కూడా బిరుదులు మానేసి నవ్వాడు.

కుంపటి పోయింది, గాలి వచ్చింది. గినీ పందుల్ని కింద ఉత్తరపు గదిలోకి మార్చారు. ఆ గది, వాటి పెత్తనం పోలమ్మకు దక్కాయి. వానలు పడేదాకా రోజూ మిట్టమధ్యాహ్నం వచ్చి వాటికి విసనకర్రతో విసిరే పని భట్టుకు దక్కింది.

"నీకూ సన్మానం చేయాలి" అంటూ రాజుగారు ఆ శాలువానే చేతిలోకి తీసుకున్నారు.

పోలమ్మ రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టింది.

"తమ దయ మారాజా! అదేదో పుష్యమాసంలో కప్పండి."