ఇసుక పరిచిన రాజకుమారుడు

మణిగిరి రాజుగారి కొడుకు కేతనుడు బడిలో అడుగుపెడితే చాలు, తోటి పిల్లలు ఇసుకలో దిద్దుకున్న అక్షరాలన్నీ తొక్కి చెరిపేసేవాడు. అతణ్ణి కొట్టకూడదు, తిట్టకూడదని రాజాజ్ఞ. ముగ్గురు పంతుళ్లు దండం పెట్టి పారిపోయారు.

నాలుగోవాడు ఓబయ్య అనే బీద పంతులు. వస్తూనే, "బాబూ, రేపటి నుంచి అందరికీ ఇసుక జల్లించి, నున్నగా పరిచే పని నీదే," అన్నాడు.

వారం తిరక్కుండానే రాజు మండిపడుతూ బడికి వచ్చాడు.

"నా కొడుకు చేత కూలిపని చేయిస్తావా? నీ తల తీయిస్తాను!"

"చిత్తం మహాప్రభూ. అది అంత తప్పు పనే అయితే, ముందు ఆ ఇసుకను మీ కాలితోనే చెరిపేయండి," అన్నాడు ఓబయ్య.

రాజు కాలెత్తాడు.

"ఆగండి నాన్నగారూ!" కేతనుడు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "పొద్దుటి నుంచి కూర్చుని పరిచాను. వీళ్లింకా దిద్దుకోనేలేదు. తొక్కకండి!"

రాజు కాలు గాలిలోనే నిలిచిపోయింది. కాసేపటికి ఆయన మెల్లగా వెనక్కి తగ్గి, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి చేతులు జోడించాడు.

"పంతులుగారూ, ఈ కాలిని ఇంతవరకు ఏ సైన్యమూ ఆపలేదు."