పళ్ళేలు లేని పిల్లలు

ఊరి లోపం బయటపడితే తన పరువు పోతుందనుకునే వీరభద్రం, సజ్జలవరం సర్కారు బడి కమిటీకి చైర్మన్‌గా ఉండేవాడు.

ఆ బడిలో ఐదు తరగతులకూ హైమావతి ఒక్కతే టీచరు. ఆమె ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా పిల్లలు ఊరికే కూర్చునేవారు. వీరభద్రం మనవరాలు శ్రావ్య ఐదో తరగతికి వచ్చినా ఒక్క వాక్యం చదవడానికి తడుముకునేది.

ఒకరోజు మండల విద్యాధికారిణి బడి చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది.

"పంచాయతీ ఎన్నికలు దగ్గరికొచ్చాయి టీచరమ్మా! మన పిల్లలకు చదువు రాదని తెలిస్తే ఎదుటి వర్గం వాళ్ళు ఊరంతా చాటుతారు" అన్నాడు వీరభద్రం.

"రాదన్నది నిజమే కదండీ?" అంది హైమావతి.

"నిజం కాబట్టే కనపడకూడదు!"

పక్క ఊళ్ళో బావమరిది నడిపే ప్రైవేటు బడి నుంచి ఎనిమిది మంది చురుకైన పిల్లల్ని ఆటోలో రప్పించాడు. వాళ్ళకు ఈ బడి యూనిఫాం తొడిగించాడు. చదువు రాని పిల్లల్ని, శ్రావ్యతో సహా, ఉల్లిపాయలు ఒలవమని వంట షెడ్డుకు పంపేశాడు.

వచ్చిన పిల్లలు పాఠాలు గడగడా చదివారు. బడి చూడటానికి వచ్చిన అధికారిణి మురిసిపోయారు.

"మండలానికి ఒక్క టీచరు పోస్టే వచ్చింది. బాగా వెనకబడిన బడికి ఇద్దామని తిరుగుతున్నాను. మీకు ఆ అవసరం లేదు, సంతోషం!" అన్నారు.

వీరభద్రం ముఖం వాడిపోయింది.

అంతలో భోజనాల గంట కొట్టారు. షెడ్డులోంచి పిల్లలు పళ్ళేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ ఎనిమిది మందీ మాత్రం వట్టి చేతులతో నిలబడ్డారు.

"మిస్, మా లంచ్ బాక్సులు ఆటోలో ఉండిపోయాయి" అన్నాడు ఒకడు.

"రోజూ ఇక్కడ తినే పిల్లలకు పళ్ళేలు లేవేం?" అని అడిగారు అధికారిణి.

వీరభద్రం నోటిదాకా ఒక సాకు వచ్చింది. అప్పుడే శ్రావ్య ఎర్రబడిన కళ్ళు తుడుచుకుంటూ, "తాతయ్యా, ఇంక మేం లోపలికి రావచ్చా?" అంది.

ఆ సాకు పక్కన పెట్టి, వీరభద్రం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు.

"వాళ్ళు అరువు పిల్లలండీ. ఇది నా మనవరాలు, ఐదో తరగతి. చదవడం రాదు. తప్పు నాదే. ఆ టీచరు మాకే కావాలి మేడమ్" అన్నాడు.

అధికారిణి శ్రావ్య చేత చదివించారు. షెడ్డులోంచి వచ్చిన పిల్లలందరి చేతా చదివించారు. "ఇంకాసేపైతే నేను ఇంకో ఊరి బడి పేరు రాసేసేదాన్ని" అంటూ కాగితం మీద సజ్జలవరం అని రాశారు.

నెల తిరిగేసరికి రెండో టీచరు వచ్చాడు. ఎదుటి వర్గం వాడొకడు వీధిలో ఎదురుపడి, "ఏం చైర్మన్‌గారూ, మీ మనవరాలికే చదువు రాదటగా!" అని నవ్వాడు.

"రాదు. అందుకే టీచర్ని తెచ్చాను. మీ పిల్లల్నీ పంపండి" అన్నాడు వీరభద్రం, తల ఎత్తి.

నీతి: లోపాన్ని దాచిపెట్టేవాడు, దాన్ని తీర్చడానికి వచ్చిన సాయాన్ని కూడా గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాడు.