తామరకి వచ్చిన చుట్టం

ఒకప్పుడు చర్మం మీద గుండ్రంగా లేచే ఒక దురదకి పేరు లేదు. ఏ దురద అంటారా? తొందరపడకండి. దానికింకా పేరే రాలేదు, నేనెలా చెప్పను?

అది పోలమ్మని పట్టుకుంది. పోలమ్మ వరినాట్లు వేసే మనిషి. పొద్దస్తమానం బురదనీళ్లలో నిలబడాలి, రెండు చేతులూ నారు మీద ఉండాలి. ఆమె చేతులేమో నడుము గోక్కుంటూ ఉండేవి. పక్కవాళ్లు రెండు బారలు అవతలికి జరిగారు. మూడోరోజు "రేపు రాకు పోలమ్మా, తగ్గాక వద్దువుగాని" అన్నారు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూడా గోక్కుంది.

ఆకుమందులిచ్చే కామయ్య తాత దగ్గరికి వెళ్లింది.

"రోగం పేరేంటమ్మా?" అన్నాడు తాత.

"పేరు లేదు తాతా. ఉత్త దురద."

"మందు నూరేటప్పుడు పేరు పెట్టి పొమ్మనాలి. పేరు లేకపోతే దేన్ని పొమ్మనను? వెళ్లి ఒక పేరు తెచ్చుకో."

పేర్లు ఎక్కువున్నది మడుగులో ఉండే తామరకి. పోలమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, "అమ్మా, నీకు బోలెడు పేర్లున్నాయి. నా దురదకి ఒకటి ఇయ్యవా?" అని అడిగింది.

తామర ఆలోచించింది. "పద్మ అనే పేరు మునసబు కూతురికి ఇచ్చేశాను. కమల కుమ్మరివాళ్లింటికి పోయింది. సరోజని ఇద్దరు తీసుకుని కొట్టుకుంటున్నారు. పంకజం ఉంది, కావాలా?"

"నాకు నోరు తిరగదమ్మా."

"ఇక మిగిలింది తామరే. అది నన్ను మా ఇంట్లో పిలుచుకునే పేరు."

పోలమ్మ మళ్లీ గోక్కుంది. తామరకి జాలేసింది.

"సరే, నేనూ వాడుకుంటాను, నువ్వూ వాడుకో" అంది.

కామయ్య తాత "తామరా, పో" అంటూ ఆకు నూరి పూశాడు. దురద పోయింది. నాలుగో రోజుకి పోలమ్మ మళ్లీ నాట్లలో ఉంది.

దురద ఎక్కడికి పోయిందంటే, తిన్నగా మడుగుకే. ఒక నీటిబొట్టులో కూర్చుని తామరాకు ఎక్కింది.

"అక్కా, బాగున్నావా?"

"ఎవరు నువ్వు?" అంది తామర.

"అదేంటక్కా, మనిద్దరి పేరూ ఒకటే. అంటే చుట్టాలమేగా. నాలుగు రోజులుండి పోదామని వచ్చాను."

చుట్టాన్ని పొమ్మనడం తామరకి చేతకాదు. అప్పట్లో ఆమె ఆకు కూడా అన్ని ఆకుల్లాగే తడిసేది. తడి ఉన్నచోట ఈ చుట్టం ఎన్నాళ్లైనా ఉంటుంది. రెండు రోజులకి ఆకు మీద గుండ్రంగా ఒక మచ్చ లేచింది. గోక్కుందామంటే తామరకి చేతులు లేవు. పాపం, ఆమె పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

చివరికి ఆకుని పిలిచి చెప్పింది. "ఎవరొచ్చినా మర్యాదగా పలకరించు. నీళ్లు మాత్రం ఇవ్వకు."

ఆకు ఒళ్లు విదిలించింది. నీటిబొట్టు జర్రున జారింది, దానితోపాటు దురదా జారింది. "చుట్టానికి నీళ్లైనా ఇవ్వని ఇల్లు ఇదే చూశాను" అని సణుక్కుంటూ అది మళ్లీ మనుషుల్లోకి వచ్చేసింది.

అప్పటినుంచే తామరాకు నీళ్లలోనే పెరుగుతున్నా ఒక్క చుక్కని ఒంటికి అంటనివ్వదు. పువ్వుకీ దురదకీ పేరొకటే అయినా రాకపోకలు లేవు. పద్మలూ కమలలూ సరోజలూ వీధికొకరున్నారు. తామరా అని పిలిస్తే పలికే పిల్లని మాత్రం నేనింతవరకూ చూడలేదు.