గవరమ్మ మొదటి గీత

అనగనగా అనగనగా, మీ ముత్తాతకి ఇంకా పాలపళ్ళయినా ఊడని రోజుల మాట. ఊఁ కొట్టండి మరి. కొట్టకపోతే నాకు కథ సాగదు.

ఒక ఊళ్ళో జోగయ్య అనే వైద్యుడు ఉండేవాడు. ఒంట్లో కంతి లేచినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన ఇచ్చే చేదువేరు మందు అలాంటిలాంటి మందు కాదు. మూడు అమావాస్యలకు మూడు మోతాదులు. జుట్టు రాలేది, అన్నం సయించేది కాదు, కంతి మాత్రం కరిగిపోయేది.

ఆ వేరు దంచే మనిషి గవరమ్మ. నోరు పెద్దది, మనసు మెత్తన. అరుగు మీద దిగులుగా కూర్చున్న రోగుల్ని చూస్తే ఊరుకోలేకపోయేది.

"అలా మొహాలు వేలాడేసుకుంటే కంతి జాలిపడి పోతుందా? రండి, నాతో సువ్వి పాడండి," అనేది.

రోకటి పోటుకో సువ్వి. ఒక్క ఊపిరిలో ఎన్నిసార్లు సువ్వి అంటే గోడ మీద ఎవరి వరసలో వాళ్ళకి బొగ్గుతో అంత పొడుగు గీత. గెలిచినవాళ్ళకి బెల్లం ముక్క. ప్రతి అమావాస్యకీ ముందు పాట, తర్వాతే మందు.

అలా ఆటగా సాగుతుండగా, కంతి పూర్తిగా తగ్గినవాళ్ళలో ముగ్గురు ఏడాది తిరక్కుండా కాళ్ళు వాచి, ఆయాసపడి పోయారు. ఊరు "రాత" అంది. జోగయ్య "రాత" అన్నాడు. గవరమ్మ మాత్రం గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ ముగ్గురి గీతలూ మందు వేసుకుంటున్న రోజుల్లోనే పొట్టిబడ్డాయి. కాళ్ళు వాచడానికి ఎంతో ముందే. బతికినవాళ్ళ గీతలు తగ్గలేదు.

"బాబూ, ఈ మందు కొందరికి కంతితో పాటు గుండెనీ తినేస్తోంది," అంది.

"దంచేదానివి దంచు," అన్నాడు జోగయ్య.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే మాట. మూడోసారి చెప్పబోతే ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంతలో సన్నాయి వాయించే ముత్యాలు వచ్చాడు. చంకలో నిమ్మకాయంత కంతి. కంతి ఉంటేనేం, గొప్పలకి తక్కువ లేదు.

"నేను సన్నాయి పట్టానంటే ఊరేగింపు ఊరు దాటేదాకా ఊపిరి తెగదు," అన్నాడు.

"ఊదుతూనే ముక్కుతో గాలి దొంగిలించే విద్య నా దగ్గర కాదు నాయనా. సన్నాయి పక్కన పెట్టి నోటితో పాడు," అంది గవరమ్మ.

పాడాడు. ముప్పై! అంత పొడుగు గీత ఆ గోడ ఎప్పుడూ చూడలేదు. రెండో అమావాస్యకి మళ్ళీ ముప్పై. మూడో అమావాస్యకి కంతి శనగగింజంత అయింది. పాట ఇరవై రెండు దగ్గర తెగింది.

అయినా ఆ రోజు గెలుపు అతనిదే. తర్వాతివాడు పద్దెనిమిది. ముత్యాలు నవ్వుతూ బెల్లానికి చెయ్యి చాచాడు. గవరమ్మ బెల్లం ఇవ్వలేదు. రోకలి గోడకి చేరేసింది.

"ఈ వేరు నేను దంచను."

జోగయ్యకి కోపం వచ్చింది. "ఇరవై రెండు అంటే నాకూ రాదు, నీకూ రాదు. వీడికేం తక్కువ?"

"మీతో, నాతో పోల్చకండి బాబూ. అతని మొదటి గీతతో పోల్చండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది."

ముత్యాలు మొహం పాలిపోయింది. "మందు ఆపితే కంతి తిరిగొస్తుంది కదా అత్తా?"

"కంతి పోయి గుండె ఆగితే ఎవరికి ఊదుతావురా సన్నాయి?"

జోగయ్య గోడ చూశాడు. పోయిన ముగ్గురి గీతలూ చూశాడు. ముత్యాలు చెయ్యి అందుకుని నాడి పట్టి చాలాసేపు వదల్లేదు. నాడి అక్కడక్కడా తడబడుతోంది.

"నేను కంతినే చూశాను గవరమ్మా. మనిషిని చూడలేదు," అన్నాడు మెల్లగా.

మూడో మోతాదు ఆపాడు. ముందు గుండెకి తెల్లమద్ది బెరడు కషాయం పట్టించాడు. మూడు నెలలకి గీత ఇరవై ఎనిమిది దాకా పెరిగింది. అప్పుడు అదే మోతాదు మూడు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ముందు పాట పాడించి ఇచ్చాడు. కంతి పోయింది. ముత్యాలు మిగిలాడు.

మిగలడమంటే అలా ఇలా కాదు. గవరమ్మ పండుముసలిదై కన్నుమూసిన నాడు శ్మశానం దాకా సన్నాయి వాయించింది అతనే. అక్కడ సన్నాయి పక్కన పెట్టి, నోటితో సువ్వి అందుకున్నాడు. జనమంతా లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది దాకా వచ్చింది. ముప్పయ్యోది ఏడుపైపోయింది. జోగయ్య మాత్రం ఇంటికెళ్ళి గోడ మీద ముప్పైకే గీత గీశాడు.

ఇప్పుడంటే పెద్దాసుపత్రులొచ్చాయి, గుండెను తెర మీద చూపించే యంత్రాలొచ్చాయి. అయినా మా వైపు ముసలమ్మలు కంతికి మందు ఎక్కించే డాక్టరుని ముందు అడిగేది ఒక్కటే. "బాబూ, మావాడి మొదటి గీత గీశారా?"

గీశానంటే, ఎంత పెద్ద డాక్టరైనా సరే, నోరు తెరిపించి బెల్లం ముక్క పెడతారు.