అమ్మాయిగారి అంచు

పొగిడే శ్రమ ఎదుటివాళ్లకు ఎందుకులే అని నా నేతను నేనే పొగుడుకుంటాను. అది నాలోని దయాగుణం.

మా జమీందారు కూతురి పెళ్లికి కొత్తరకం అంచుతో పట్టుచీర నేశాను. అది ఎంత బాగా కుదిరిందంటే, ఉండబట్టలేక పక్కింటి గవరమ్మ నూలు పెళ్లిచీరకూ అదే అంచు వేశాను. గవరమ్మ పెళ్లినాటి పొద్దున జమీందారు భార్య, మా దొరసాని, బంట్లతో వచ్చి ఆ చీర లాక్కుని మా గుమ్మం ముందు నిలబడింది. పీటల మీద కూర్చోవలసిన పిల్ల పాతచీరలో ఏడుస్తోంది.

"ఏమయ్యా వీరాస్వామీ, నీ మగ్గానికి ఒకటే అంచు వచ్చా? మా అమ్మాయి అంచు ఇంకెవరూ కట్టకూడదు. నూరేళ్ల తర్వాత కూడా జనం దాన్ని చెప్పుకోవాలి," అంది దొరసాని.

నేను తల వంచుకున్నాను. మా ఆవిడ నాంచారి మెల్లగా అడిగింది. "అమ్మగారూ, తమరి పెళ్లిచీర అంచు ఎలా ఉండేదండీ?"

దొరసాని ఆలోచించింది. "నెమళ్లో, హంసలో... పెట్టెలో ఉంది. చూసి చాలా ఏళ్లయింది."

"తమరికే గుర్తులేనిది జనం ఏం చెప్పుకుంటారమ్మా? అమ్మాయిగారి చీరా రేపు పెట్టెలోకే పోతుంది. గవరమ్మ కట్టుకు తిరిగితే, అడిగినవాళ్లందరికీ ఇది అమ్మాయిగారి అంచని చెబుతుంది."

దొరసాని చీర మడత విప్పి అంచు చూసుకుంది. తర్వాత తనే వెళ్లి దాన్ని గవరమ్మ చేతిలో పెట్టింది. "కుచ్చిళ్లు పైకి దోపకు. అంచు కనబడాలి," అంది.

ఇప్పుడు మా వైపు పెళ్లికూతుళ్లంతా ఆ అంచే కావాలంటారు. కళ్లు మూసుకుని నేసేస్తాను. పెద్దవాళ్ల ఎదుట నోరు తెరవడం మాత్రం నేనింకా నేర్చుకోలేదు.