బ్రెజిల్ పచ్చికలో గుండ్లమ్మ కళ్లం

ఒంగోలు గడ్డ మీద పుట్టి, ఓడెక్కి బ్రెజిల్ దేశం చేరిన ఆవు గుండ్లమ్మ. తెల్లటి ఒళ్లు, నల్లటి కళ్లు, ఒకరి చేత మాట పడని స్వభావం. ఆ పచ్చిక బయలుకి ఒక పక్క ఏరు, ఇంకో పక్క అడవి. మందలో మిగతావన్నీ ఆ దేశపు ఎర్రావులే. మేతకు లోటు లేదు, గుండ్లమ్మకు అక్కడే కొడుకూ పుట్టాడు. ఒక్క పాత అలవాటు మాత్రం ఆమెను వదల్లేదు. చిన్నప్పుడు కళ్లంలో గుంజ చుట్టూ పశువుల వరుసతో తిరిగి వరి తొక్కింది కదా! పొద్దు వాలితే చాలు, పశువులు నాకే ఉప్పుగడ్డ కట్టిన గుంజ చుట్టూ కాసేపు తిరిగితే గానీ ఆమెకు మనసు కుదుటపడేది కాదు. ఎర్రావులు అది చూసి పకపకా నవ్వేవి.

ఒకనాడు అడవిలోంచి నక్క వచ్చింది. అడవిని ఏలే మచ్చల పులి జాగ్వార్‌కు అది రాయబారి. పులి తిని వదిలిందే దాని భోజనం.

"వచ్చే వారం దొరగారు వేంచేస్తున్నారు. ఆనవాయితీ మీకు తెలిసిందే, ఒక దూడ. ఈసారి పరదేశపు ఆవిడ కొడుకు చాలన్నారు. మీ పిల్లల జోలికి రారు" అంది.

ఎర్రావులన్నీ తలలు దించుకుని మేయసాగాయి. ఆ గడ్డి ఇంత రుచని అప్పుడే తెలిసినట్టు!

గుండ్లమ్మ మందకు పెద్దదైన తెరేజా దగ్గరికి వెళ్లింది.

"ఏంది తెరేజక్కా, నోరు మెదపవేంది?"

"ఏం చెప్పనమ్మా! పులిని చూస్తే తలో దిక్కూ పరిగెడతాం. వెనకబడ్డది పోతుంది. దానికంటే ఇదే నయం. కొత్తదానివి, సర్దుకుపో."

"నిరుడు వెనకబడింది ఎవురు?"

తెరేజా నెమరు ఆగిపోయింది. "నా కూతురు."

"పేరేంది?"

"పెట్టనే లేదు. పుట్టి రెండ్రోజులే."

గుండ్లమ్మకు సొంతూరికి పారిపోదామంటే నడుమ సముద్రం. కొడుకును ఇచ్చేది మాత్రం కల్ల. ఆ పట్టుదలతోనే, ఇంకా అక్కడే కాచుకుని ఉన్న నక్క వైపు తిరిగింది.

"నక్కన్నా, నా బిడ్డను నా కాళ్లతో తెచ్చి అప్పగించలేను. ఈ గుంజ దగ్గర ఎండుగడ్డి మాటున పడుకోబెడతా. మీ దొరనే వచ్చి తీసుకుపొమ్మను."

"ఇంత తేలిగ్గా ఒప్పుకున్నావే!"

"ఒప్పుకోక యాడికి పోతాను? సముద్రం ఈదుతానా?"

నక్క తోకాడించుకుంటూ వెళ్లింది. ఆ సాయంత్రమే గుండ్లమ్మ మందను గుంజ చుట్టూ చేర్చింది. మొదట వచ్చి నిలబడింది తెరేజా. ఆమెను చూసి మిగతావీ కదిలాయి.

"భుజానికి భుజం ఆనించండి. సందు ఇయ్యొద్దు. కాళ్ల కింద ఏం పడినా ఆగొద్దు, తొక్కండి. వరే అనుకోండి."

"వరి అంటే ఏంటి పిన్నీ?" అంది ఒక పడుచు ఆవు.

"తర్వాత చెప్తాలే. ముందు తొక్కు!"

పొదలోంచి చూసిన నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "పరదేశపు పిచ్చి మందంతటికీ పట్టింది దొరా. గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి. తమరు పైనుంచి ఒక్క దూకు దూకితే చాలు" అని పులికి చెప్పింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దువాలే వేళ దూడ కొట్టంలో ఉంది. మంద గుంజ చుట్టూ తిరుగుతోంది. జాగ్వార్ ఆవుల వీపుల మీదుగా ఎగిరి గడ్డి మీద దూకింది. పంజాకు గడ్డే తగిలింది.

"దూడేదిరా నక్కా?"

"తొక్కండే!" అని గుండ్లమ్మ రంకె వేసింది.

పులి గర్జించింది. పడుచు ఆవు బెదిరి పక్కకు తప్పుకుంది. సందు పడింది. పులి అటు ఉరికేలోపు తెరేజా వచ్చి ఆ సందులో నిలబడింది. పంజా విసిరితే గుండ్లమ్మ జబ్బ చీరుకుపోయింది. ఆమె అడుగు తప్పలేదు. వలయం బిగిసింది. గిట్టల కింద పులి తోక నలిగింది, కాలు మెలిపడింది. మూలుగుతూ గుంజ పైకి ఎగబాకింది.

"అప్పుడే ఎక్కావేంది దొరా?" అంది గుండ్లమ్మ రొప్పుతూ. "మా ఊళ్లో తొక్కినాక తూర్పారబడతాం. ఆ పని ఇంకా మిగిలే ఉంది."

తూర్పారబట్టడమంటే ఏమిటో పులికి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. గుంజ మీద నుంచి మంద అవతలికి దూకి, కుంటుకుంటూ ఏరు దాటింది. దారిలో నక్క దొరికితే దాని చెవి ఒకటి కొరికి మరీ పోయింది. అప్పటి నుంచి నక్క ఏటి బురదలో పీతలు తవ్వుకుని బతుకుతోంది.

మరుసటేడు తెరేజాకు కూతురు పుట్టింది. ఒళ్లు ఆరకముందే దానికి పేరు పెట్టింది, గుండ్లమ్మ అని.

నీతి: పరాయి దేశంలో తోడు కావాలంటే, నీ చేతనైన పని నలుగురికీ నేర్పు.