గ్రీజు పూసిన పది తుపాకులు

పొద్దున ఆరున్నరకు, కవాతు మైదానంలో పది తుపాకులు ఒక్కసారిగా పేలాలి. ఆరు పేలాయి. నాలుగు టిక్కుమని ఊరుకున్నాయి.

ఆ పదింటినీ సిద్ధం చేసినవాడు ఓబులేసు. ఆయుధాల గదిలో పని నేర్చుకుంటున్న కానిస్టేబులు. సొంతూరు జమ్మలమడుగు పక్కన పల్లె. మన్యంలోని ఈ కొండ ఊరికి వచ్చి మూడు నెలలైంది. పొగమంచులో నలుగురు జవాన్లు తుపాకులు దించి, తూటా ఎక్కించే బోల్టు లాగి చూసుకుంటుంటే, మైదానం చివర నిలబడ్డ అతను ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు అరవలేదు. దగ్గరికొచ్చి మెల్లగానే అన్నాడు.

"రేపు బుద్రు వాళ్ళమ్మ ముందు కూడా ఇలాగే టిక్కుమంటాయా?"

వంతల బుద్రు కూడా ఆ పోలీసు కంపెనీలో కానిస్టేబులే. సెలవు మీద ఇంటికెళ్ళినవాడు, నిప్పంటుకున్న పాకలోంచి పక్కింటి పిల్లలిద్దర్నీ బయటికి తెచ్చాడు. వాళ్ళ నాయనమ్మ కోసం మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు కప్పు కూలింది. మర్నాడు పొద్దున్నే కొండ మీద అతని ఊళ్ళో అంత్యక్రియలు. మూడుసార్లు గాల్లోకి కాల్చి వందనం చెయ్యాలి. ఇవాళ్టిది దానికి రిహార్సలు.

ఓబులేసుకు ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే అతను ఏ లోటూ చెయ్యలేదు. చెయ్యాల్సినదానికంటే ఎక్కువే చేశాడు.

అతనికి పని నేర్పే హెడ్ కానిస్టేబులు గౌరునాయుడు, మనవరాలి పెళ్ళికని పది రోజులు సెలవు పెట్టాడు. వెళ్తూ ఒక్క మాటే చెప్పాడు. "పొడిగుడ్డతో తుడువు. నూనె చుక్క చూపించు. చాలు." ఆ చుక్క ఓబులేసుకు ఆనలేదు. పాత చోట ఒక తుపాకీ గొట్టం మీద గోరంత తుప్పు కనబడిందని అతనికి మెమో ఇచ్చారు. ఆ కాగితం మడతలు ఇప్పటికీ కళ్ళ ముందు ఆడతాయి. ఇక్కడేమో గోడలు కూడా చెమ్మగిల్లే ఊరు. అందుకే కొత్త గ్రీజు డబ్బా మూత తీసి, వేళ్ళతో తీసి తీసి, బోల్టుల లోపలిదాకా దట్టించాడు. తుపాకులు నల్లగా నిగనిగలాడాయి. అటుగా వచ్చిన ఇన్‌స్పెక్టరు చూసి, "నాయుడి కంటే నువ్వే నయమయ్యా" అన్నాడు. ఆ మాట వారం రోజులు ఓబులేసు చెవిలో తియ్యగా ఉండిపోయింది.

ఎనిమిది గంటల బస్సుకు నాయుడు దిగాడు. సంచీ ఇంట్లో పెట్టకుండా నేరుగా ఆయుధాల గదికే వచ్చాడు. మఫ్లరు విప్పలేదు. వరండాలో కుంపటి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటుంటే, ఓబులేసు జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. చివర్న అడిగాడు.

"గ్రీజు మంచిదా, నూనె మంచిదా సార్? ఒక పుస్తకంలో ఇది అని రాసినారు, ఇంకో పుస్తకంలో అది అని రాసినారు. యాది నమ్మేది?"

నాయుడు చెవులు రుద్దుకున్నాడు.

"బస్సులో చలికి తల దిమ్మెక్కిపోనాది. ఆ గూట్లో కొబ్బరినూనె సీసా ఉంది. కొంచెం నా చేతిలో పొయ్యి బాబూ."

ఇప్పుడా తలనూనె, అనిపించింది ఓబులేసుకు. అయినా వెళ్ళి సీసా తెచ్చాడు. మూత తీసి గురువు అరచేతి మీద వంచాడు. ఏమీ రాలేదు. ఊపాడు. అడుగున తట్టాడు. సీసాలో తెల్లగా పేరుకున్న ముద్ద కదలలేదు.

నాయుడు చెయ్యి చాపుకునే ఉన్నాడు.

"రావడం లేదు సార్."

"మంచి నూనే. మా చెల్లెలు దగ్గరుండి ఆడించినాది."

"నూనె మంచిదే సార్. ఈ చలికి..."

అక్కడ ఆగిపోయాడు. సీసా చేతిలో పట్టుకునే, తలుపులోంచి కనబడుతున్న తుపాకుల వరస వైపు తిరిగాడు. వాళ్ళ ఊళ్ళో మాఘమాసంలో కూడా గ్రీజు వెన్నలా జారుతుంది. ఇక్కడ తెల్లవారుజామున బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి.

లోపలికెళ్ళి, పేలని తుపాకీ ఒకదాని బోల్టు తెచ్చి విప్పాడు. లోపల ఫైరింగ్ పిన్ను బొటనవేలితో నొక్కాడు. అది బురదలోంచి కాలు తీసినట్టు బద్ధకంగా కదిలింది. తూటా వెనక గట్టిగా కొట్టాల్సిన పిన్ను అది.

"తుప్పుకి భయపడి పూసినావు," అన్నాడు నాయుడు. "తుపాకీ వైపు చూడనేదు."

లేచి కుంపటిని దూరంగా పెరట్లో పెట్టి వచ్చి, కిరసనాయిలు పళ్ళెం ముందుకు జరిపాడు.

పది బోల్టులూ విప్పారు. పిన్నులు, స్ప్రింగులు, వక్కపలుకులంత చిన్న భాగాలు, అన్నీ కడిగారు. బ్రష్షుతో, అగ్గిపుల్లకు చుట్టిన గుడ్డతో మూలమూలా గీకారు. ఓబులేసు తాను ఎంత గ్రీజు దట్టించాడో అప్పుడు చూశాడు. గుడ్డలు ఒకదాని తర్వాత ఒకటి నల్లబడ్డాయి. ఆరబెట్టాక నూనె చుక్క వేశాడు. నాయుడు ఆ చుక్కలో సగాన్ని బొటనవేలితో తుడిచేసి బోల్టు తిరిగి ఇచ్చాడు. రెండోదాన్లోనూ తుడిచాడు. నాలుగోదాన్ని చూసి, తుడవకుండా పక్కన పెట్టాడు.

ఎండ పోయి చలి దిగాక, బోల్టుల్ని కిటికీ పక్కన గంటసేపు ఉంచి, ఒక్కొక్కటే తుపాకీలో పెట్టి నొక్కి చూశారు. టక్. టక్. పదీ ఒకేలా పలికాయి.

మర్నాడు బుద్రు ఊళ్ళో మంచు ఎంత దట్టంగా ఉందంటే, వరసలో మొదటి జవానుకు చివరివాడు కనబడలేదు. బుద్రు తల్లి గొంగళి కప్పుకుని చితికి కొంచెం దూరంలో గొంతుక్కూర్చుంది. కాపాడిన పిల్లలిద్దరూ ఆమె పక్కనే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తాడు. ఓబులేసు పక్కన నాయుడు మఫ్లరులో చేతులు దోపుకుని నేల చూస్తున్నాడు.

పది తుపాకులూ ఒక్క చప్పుడుగా పేలాయి.

కొండ అవతలి నుంచి ఆ చప్పుడు తిరిగి వచ్చేలోగా రెండోది. ఆ తర్వాత మూడోది. ఒక్కటి తప్పలేదు. ముసలమ్మ మొదటిదానికి ఉలిక్కిపడింది. మూడోదానికి తల పైకెత్తి, "ఇదంతా మా బుద్రుకేనా?" అని అడిగింది.

"వాడికే తల్లీ," అన్నాడు నాయుడు.

ఓబులేసు పక్కకు వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా తేలికైంది. నిన్న పొద్దున్నుంచి తాను ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో ఆకుదొన్నెలో రాగి అంబలి తెచ్చిచ్చారు. వేడిగా ఉన్నా ఆగకుండా తాగేశాడు.

తిరిగొచ్చాక అతను చేసిన మొదటి పని, గ్రీజు డబ్బా తీసుకుని చెత్తకుండీ వైపు నడవడం. నాయుడు ఆ డబ్బా అతని చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, తుపాకీ నూనె సీసా పక్కనే బల్ల మీద పెట్టాడు.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం జీపులో ఇంకో క్యాంపు నుంచి పన్నెండు తుపాకులు వచ్చాయి. నాయుడు వాటిని బల్ల మీద పరిచి, తాను స్టూలు మీద కూర్చున్నాడు. "కానీ," అన్నాడు.

ఓబులేసు సీసా ముట్టుకోలేదు, డబ్బా ముట్టుకోలేదు. ఒక తుపాకీ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి యాడికి పోతాయి సార్?"

"పెట్టెల్లో పెట్టి కింద స్టోరుకి పంపుతారట. వానలు ఎల్లిపోయేదాకా ఎవులూ ముట్టుకోరు."

ఓబులేసు తల ఊపి, గ్రీజు డబ్బా తన ముందుకు జరుపుకున్నాడు.

నాయుడు స్టూలు మీంచి లేచి, మఫ్లరు చెవులకు చుట్టుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.